వాళ్లే ముందు కొట్టారట!

చెన్నై హైకోర్టు ప్రహరీకి తూర్పువైపు ఒక రాతిఫలకం ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎండెన్ ఈ నగరంపై గుండ్లు కురిపించినదానికి గుర్తు. రేవు దగ్గర బర్మా ఆయిల్ ట్యాంకులు తగలబడ్డాయి. వేలమంది మూటాముల్లె సర్దుకుని ఊరొదిలిపోయారు. ఆ భయానికి కారణం కళ్లెదుటే ఉంది. దండయాత్రకు దిగే పాలకులు కూడా జనంలో అదే భయం పుట్టిస్తారు, గుండు పడకుండానే.

పక్కదేశాన్ని ఆక్రమిద్దామని మామూలు మనిషి తనంతట తాను అనుకోడు. వాళ్లే ముందు కొట్టారంటే మాత్రం సరేనంటాడు. 1939 ఆగస్టు 31 రాత్రి జర్మనీ సరిహద్దు ఊరు గ్లైవిట్జ్‌లోని రేడియో స్టేషన్‌పై పోలండ్ వాళ్లు దాడి చేసినట్టు నాజీలే నాటకమాడారు. ముందురోజు పట్టుకెళ్లిన ఒకతన్ని చంపి, సాక్ష్యంగా శవాన్ని అక్కడ పడేశారు. తెల్లారేసరికి జర్మన్ సైన్యం పోలండ్‌లో ఉంది.

ప్రతిసారీ అంత పచ్చి అబద్ధం అక్కర్లేదు. వియత్నాం పక్కనున్న టోంకిన్ సింధుశాఖలో 1964 ఆగస్టు 2న అమెరికా యుద్ధనౌకకూ ఉత్తర వియత్నాం పడవలకూ ఘర్షణ జరిగిన మాట నిజమే. 4న మళ్లీ దాడి జరిగిందన్నారు, జరగలేదు. 7వ తేదీకల్లా అమెరికా ప్రతినిధుల సభ 416–0తో, సెనేట్ 88–2తో యుద్ధానికి దిగే అధికారం అధ్యక్షుడికి కట్టబెట్టాయి. నిజానిజాలు తేల్చుకోవడానికి దొరికింది మూడు రోజులు!

భయానికి జాలి తోడైతే ఇక అడ్డుండదు. 1990 అక్టోబరులో 15 ఏళ్ల కువైట్ బాలిక వాషింగ్టన్‌లో ఏడుస్తూ చెప్పింది: ఇరాక్ సైనికులు ఇంక్యుబేటర్లలోని పసికందులను తీసి నేలమీద పడేశారని. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించిన మాట వాస్తవం. ఈ కథ మాత్రం నిలవలేదు. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురన్న సంగతి 1992లో గానీ బయటపడలేదు. ఆమె మాట్లాడిన వేదిక మీద ప్రమాణం చేసి చెప్పాల్సిన పని కూడా లేదు.

యుద్ధం మొదలయ్యాక నోళ్లు మూయిస్తారు. ఉక్రెయిన్‌పై దాడిని రష్యా ‘ప్రత్యేక సైనిక చర్య’ అంది. 2022 మార్చి 4న, సైన్యం గురించి ‘తప్పుడు సమాచారం’ చెబితే 15 ఏళ్ల వరకు జైలని చట్టం తెచ్చింది. పక్కింటివాడు నోరెత్తకపోతే అతనూ ఒప్పుకున్నాడనే అనుకుంటాం. ఆపై శవపేటికలు ఇంటికొస్తాయి. కొడుకును పోగొట్టుకున్న తల్లితో ఈ యుద్ధమే తప్పని ఎవరు అనగలరు? ఆమె మాత్రం ఎలా ఒప్పుకోగలదు?

అడగాల్సినవన్నీ అంతకుముందే అడగాలి. కళ్లారా చూసిందెవరు? మూడో పక్షం వెళ్లి పరిశీలించిందా? ఇంత తొందర దేనికి? షావుకారుపేట నుంచి వేళచ్చేరి దాకా మన తెలుగిళ్ల ఫోన్లలో తిరిగే వీడియో ఏ ఊరిది, ఏ ఏటిది? జవాబులు దొరికేదాకా ఈ పత్రికలో ‘దాడి చేశారు’ అని రాయం, ‘దాడి చేశారని ప్రభుత్వం చెబుతోంది’ అనే రాస్తాం. ఎక్కడైనా తప్పితే పాఠకులు మమ్మల్ని నిలదీయాలి.