రచయితను బోనెక్కించండి

ఈమధ్య విశాఖలో ఒక పుస్తకావిష్కరణకు వెళ్లాను. ఉక్కు కర్మాగారం చరిత్ర మీద పుస్తకం. వేదిక మీద ఏడుగురు. అధ్యక్షులవారు తమ కాలేజీ రోజులు నెమరేసుకున్నారు. ముఖ్య అతిథి 'పుస్తకం ఇంకా పూర్తిగా చూడలేదు' అంటూనే అరగంట మాట్లాడారు. చివర్లో 'రచయిత స్పందన' అని పది నిమిషాలిచ్చేసరికి సగం హాలు గాజువాక బస్సు కోసం లేచిపోయింది.

కవిత్వానికి ఈ మర్యాదలు చెల్లుతాయేమో. జరిగిన సంగతి రాసినవాడు మాత్రం సాక్షి. సాక్షికి శాలువా కప్పరు, బోనెక్కించి అడుగుతారు. కోర్టు కథలు రాసిన లాయరు రావిశాస్త్రి తిరిగిన ఊరికి ఈ సంగతి కొత్తగా చెప్పాలా?

'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని అందరూ రాస్తారు. కాదనను. వాళ్లలో ఎందరి పేర్లు, ఊళ్లు ఈ రచయిత కనుక్కున్నారు? ఏ రికార్డు తిరగేశారు? భూములు పోగొట్టుకుని, నిర్వాసితులకిచ్చిన ఆర్-కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఏళ్లు తిరిగినవాళ్లు ఏ అధ్యాయంలో ఉన్నారు? ప్లాంటు అమ్మేస్తామని 2021లో కేంద్రం చెప్పినప్పుడు పుట్టిన కోపం పాత సంగతుల మీద ఎంత పడింది? పుస్తకం చదివినవాళ్లు ఒక్కరు ఎదురుగా కూర్చుని గంటసేపు ఇలా అడిగితే చాలు. పుస్తకంలోకి ఎక్కనిది కూడా బయటికొస్తుంది.

'పాపం, సొంత డబ్బుతో వేసుకున్నాడు, నలుగురిలో నిలదీస్తామా?' అంటారు మిత్రులు. సొంత డబ్బే, నిజం. మన దగ్గర చాలా పుస్తకాలకు ఎడిటరంటూ ఉండడు, ప్రూఫులు దిద్దడంతో సరి. ఆ ఎడిటర్ అడగాల్సినవి అచ్చయ్యాకైనా ఎవరో ఒకరు అడగకపోతే రెండో ముద్రణలోనూ అవే తప్పులు.

పుస్తకాలనేముంది, ఈ ఊళ్లో మనుషుల్నే అడగడం మానేశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే విషపు ఆవిరి కమ్ముకుంటే పిల్లల్ని భుజానేసుకుని పరిగెత్తినవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఉక్కు ఉద్యమంలో లాఠీ దెబ్బలు తిన్న కుర్రాళ్లకు ఇప్పుడు ఎనభై దరిదాపులు. ఏటా సభ పెట్టి దండ వేస్తాం, ఫొటో దిగుతాం. ఆ రోజు ఏం చూశావు తాతా అని ఎవరూ అడగరు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఒక సాయంత్రం, రెండు కుర్చీలు, ఒక మైకు. మూడో కుర్చీ మాత్రం వేయకండి, అధ్యక్షులవారు వచ్చి కూర్చుంటారు.