ఫీజు తలకింత, ఆట మాత్రం జట్టుది

మ్యాచ్ రోజు పొద్దున్నే గ్రౌండ్‌కి వచ్చి తెల్ల గీతలు వేసేవాడు, గోల్‌పోస్టులకు ప్యాడ్లు కట్టేవాడు, మధ్యాహ్నం స్క్రమ్‌లో (రెండు జట్లవాళ్లూ గుంపుగా వంగి, ఒకరినొకరు నెట్టుకుంటూ బంతి కోసం పోటీపడే చోట) ముందు వరుస మధ్యలో హుకర్‌గా తల పెట్టేవాడు, సాయంత్రం బురదకొట్టుకుపోయిన జెర్సీలన్నీ సంచిలో కుక్కి ఉతకడానికి ఇంటికి మోసుకెళ్లేవాడు. చిన్న అమెచ్యూర్ రగ్బీ క్లబ్బుల్లో చాలాసార్లు ఈ నలుగురూ ఒక్కడే. సీజన్ మొదలయ్యే ముందు అతని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది: రిజిస్ట్రేషన్ ఫీజు కట్టేదాకా టీమ్ షీట్‌లో పేరు ఎక్కదు. కింది స్థాయి రగ్బీలో ఆడేవాళ్లకి ఈ ఫీజుల మీద కోపం ఉంది. అంత కోపం ఎందుకో తెలియాలంటే అతని వైపు నుంచి చూడాలి. తన శనివారాలు, తన వాషింగ్ మెషీన్, తన మోకాళ్లు అన్నీ ఆటకే ఇచ్చేసిన మనిషిని ఇంకా ఇమ్మని అడుగుతున్నారు.

ఆ ఫీజులో చాలా ఫీజులు కలిసి ఉంటాయి. క్లబ్ చందా, ప్రాంతీయ యూనియన్ (ఆటని నడిపే సంఘం) వాటా, జాతీయ సంఘం రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలిపి ఒకే అంకెగా చేతిలో పెడతారు. వీటిలో కొన్నింటిని ఎవరూ తప్పుపట్టరు. ఒళ్లూ ఒళ్లూ ఢీకొనే ఆట కాబట్టి ఇన్సూరెన్స్ లేకుండా ఎవరినీ టాకిల్‌కి, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడానికి, పంపకూడదు. గ్రౌండ్ అద్దె, లైట్ల బిల్లు, రిఫరీ దారి ఖర్చులు, ఫస్ట్ ఎయిడ్ కళ్లముందు కనిపించే ఖర్చులే. చిక్కంతా పైకి వెళ్లే వాటాతోనే. అది ఎటు పోయిందో కట్టినవాడికి చెప్పేవాళ్లు అరుదు.

డబ్బు దగ్గర రగ్బీ చీలిపోవడం కొత్తేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండ్ జట్లలో గని కార్మికులు, మిల్లు కార్మికులు ఎక్కువ. అప్పట్లో శనివారం కూడా పనిదినమే. మ్యాచ్‌కి వెళితే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి వరకైనా ఇప్పించమని 1893లో అడిగితే ఇంగ్లండ్‌లో ఆటని నడిపే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ ఒప్పుకోలేదు. ఆటకి డబ్బు తాకకూడదన్నది వాళ్ల సిద్ధాంతం. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో 20కి పైగా క్లబ్బులు కూర్చుని నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. పోయిన కూలికి బదులుగా రోజుకి 6 షిల్లింగులు మించకుండా ఇవ్వొచ్చని రాసుకున్నాయి. అలా ఆట రెండుగా చీలింది. నేటి రగ్బీ లీగ్ అనే ఆట పుట్టింది అక్కడే. రగ్బీ యూనియన్ అనే పేరుతో మిగిలిన పాత ఆట మాత్రం 1995 ఆగస్టు దాకా అమెచ్యూర్ ఆటగానే ఉండి, ఆ నెలలో పారిస్ సమావేశంలో ఆటగాళ్లకి డబ్బివ్వడానికి తలుపులు తెరిచింది. పైన ఆడేవాళ్లకి జీతాలు వచ్చాయి. కింద ఆడేవాడు నేటికీ ఓవర్‌టైమ్ వదులుకుని ఆడుతున్నాడు, పైగా ఎదురు కడుతున్నాడు. ఆనాడు పోయిన కూలి ఇమ్మని కొట్లాడిన ఆట ఇది. ఈనాటి కోపానికి వేళ్లు అంత లోతున ఉన్నాయి.

ఇంగ్లండ్‌లో ఆ కోపం ఈమధ్య ఓటింగ్ దాకా వచ్చింది. 2023-24లో అదే రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ 3.79 కోట్ల పౌండ్ల నిర్వహణ నష్టం చూపించింది. అదే ఏడాది సీఈఓ బిల్ స్వీనీకి బోనస్‌తో కలిపి సుమారు 11 లక్షల పౌండ్లు అందాయి. ప్రపంచ కప్ ఏడాదిలో నష్టం ముందే అనుకున్నదని, బోనస్ పాత ఒప్పందం ప్రకారం ఇచ్చిందని యూనియన్ వివరణ ఇచ్చింది. కాగితం మీద అది నిజమే కావచ్చు. కానీ క్లబ్ బాత్‌రూమ్ పైపు బాగుచేయడానికి తలా ఇంత వేసుకున్నవాళ్లకి ఆ వివరణ ఎలా ఎక్కుతుంది? చైర్మన్ టామ్ ఇలూబ్ రాజీనామా చేశారు. కింది స్థాయి క్లబ్బులు పట్టుబట్టి 2025 మార్చిలో ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెట్టించాయి. అవిశ్వాసం నెగ్గలేదు, స్వీనీ కొనసాగారు. అయినా క్లబ్బులకి అక్కడ నిలదీయడానికి ఓటు ఉంది. ఫీజు కట్టే మామూలు ఆటగాడికి చాలాచోట్ల అదీ లేదు.

సభ్యుల ఫీజు మీద మరీ ఆధారపడితే యూనియన్‌కే ముప్పని అమెరికా చూపించింది. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆటలు ఆగాయి, సభ్యత్వ రుసుములు ఆగాయి. అప్పటికే అప్పుల్లో ఉన్న అక్కడి జాతీయ సంఘం యూఎస్ఏ రగ్బీ నెల తిరక్కుండా దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెళ్లింది.

ఫీజు ఎంతన్న దానికంటే, దాన్ని వేసే పద్ధతే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. ఫీజు తలకింత అని వేస్తారు. రగ్బీలో లెక్క తలలతో తేలదు. స్క్రమ్‌లో ముందు వరుసలో ముగ్గురు ఉంటారు: ఇద్దరు ప్రాప్‌లు, మధ్యలో హుకర్. అక్కడ ఎవరిని పడితే వాళ్లని నిలబెట్టడం కుదరదు, మెడ విరుగుతుంది. అందుకే అంతర్జాతీయ సంఘం వరల్డ్ రగ్బీ నిబంధనల్లో లెక్క ఉంది. 15 మందితో వస్తే ముందు వరుసలో ఆడగలిగినవాళ్లు కనీసం 3, 16 నుంచి 18 మందైతే 4, 19 నుంచి 22 అయితే 5, 23 అయితే 6 ఉండాలి. ఆ నేర్పున్నవాళ్లు సరిపోకపోతే స్క్రమ్‌లో నెట్టుకోవడం ఉండదు. రెండు జట్లూ ఊరికే వంగుతాయి, బంతి వేసిన జట్టుకే బంతి వస్తుంది. స్క్రమ్‌లో నెట్టే ఫార్వర్డ్‌లు వారమంతా ప్రాక్టీస్ చేసింది దేనికో అదే ఉండదు.

ఇప్పుడు ఒక ప్రాప్‌ని ఊహించుకోండి. ఆ నెల ఇంట్లో ఖర్చులు టైట్. ఏడాది ఫీజు ఒకేసారి కట్టమన్నారు. ఈ సీజన్‌కి వద్దులే అనుకున్నాడు. ఖాతాలో తగ్గింది ఒక్క ఫీజే. గ్రౌండ్‌లో మాత్రం కట్టిన 14 మంది ఆట చెడింది, అవతలి 15 మంది ఆట కూడా. ఇలాంటివాళ్లు ఇంకో ఇద్దరు తగ్గితే రెండో టీమ్ ఎత్తేస్తారు. అప్పుడు దాని ఫీజు మొత్తం పోతుంది. జిమ్‌కి ఇంతకంటే ఎక్కువే కడుతున్నారు కదా అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతున్నారు. జిమ్‌లో ఒకడు మానేస్తే పక్కవాడి ట్రెడ్‌మిల్ ఆగదు.

యూనియన్ దగ్గర డబ్బు చెట్లకి కాయదు, నిజమే. శిక్షణ పొందిన రిఫరీలు, తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలో నేర్పే కోర్సులు ఊరికే రావు. అయితే పై వాటాని జట్టుకింత అని వేసి, ఎవరు ఎంత ఇవ్వాలో క్లబ్‌కే వదిలేయొచ్చు. పనిలో ఉన్నవాడు కాస్త ఎక్కువ, స్టూడెంట్ కాస్త తక్కువ ఇస్తాడు. మొదటిసారి బూట్లు కట్టుకున్నవాడికి ఇన్సూరెన్స్ మటుకు తీసుకుని నాలుగు మ్యాచ్‌లు ఆడనివ్వాలి. నెలవారీ వాయిదా పెట్టాలి. ఎవరి దగ్గర డబ్బు లేదో డ్రెస్సింగ్ రూమ్‌లో అందరికీ తెలుస్తుంది, అతనంతట అతను అడగడు. ఆ మొహమాటం రాకముందే సర్దేది క్లబ్ కార్యదర్శి. ఆయన చేతికి ఆ వెసులుబాటు ఇవ్వాలి.

వీటికి ఓ ఏడాది పడుతుందంటే ఒప్పుకోవచ్చు. క్లబ్‌కి ఎంత, ప్రాంతానికి ఎంత, జాతీయ సంఘానికి ఎంత, ఇన్సూరెన్స్‌కి ఎంత అని రసీదు మీద నాలుగు వరుసలు విడదీసి రాయడానికి ఏడాది అక్కర్లేదు. వచ్చే సీజన్ మెసేజ్‌తోనే పంపొచ్చు.