నాలుగుకి నాలుగు రావాలి

ఏ సిమ్యులేటర్‌లో స్క్రీన్‌షాట్ బాగా పడుతుందో అదే మంచి సిమ్యులేటర్. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. అసలు రూటర్లూ తీగలూ లేకుండా కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూపించే సాఫ్ట్‌వేర్‌ని సిమ్యులేటర్ అంటారు. మా ల్యాబ్‌కి అలాంటిదొకటి ఎంచడానికి విజయనగరంలో మా డిగ్రీ కాలేజీ వేసిన కమిటీలో సభ్యుడిగా నాలుగు మీటింగులు కూర్చుని, మీటింగుకి రెండేసి సమోసాలు తిని తేల్చిన సత్యం ఇది.

నెట్‌వర్కుల విషయంలో మా ఊరిని తక్కువ చేయకండి. ఏటా పైడితల్లి అమ్మవారి పండగలో పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను కన్నా ముందు బెస్తవారి వల నడుస్తుంది. ఏ పని మొదలెట్టాలన్నా ముందు నెట్ రావాలని మా పెద్దలు ఎప్పుడో కనిపెట్టారన్నమాట. పోనీ స్టేషన్ చూడండి. హౌరా-చెన్నై లైను ఇటు, రాయగడ మీదుగా రాయపూర్ పోయే లైను అటు. ఏ బండి ఏ పట్టాలెక్కాలో చూసుకునే జంక్షన్‌ని రూటర్ అనక ఇంకేమంటారు? పక్క జిల్లావాళ్లు మాకన్నా ఘనులు. శ్రీకాకుళం ఊళ్లో రైల్వే స్టేషనే లేదు. రైలెక్కాలంటే ముందు ఆమదాలవలస పోవాలి, ఆ స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్. బయటి నెట్‌వర్క్‌కి పోవాలంటే ముందు చేరాల్సిన గుమ్మాన్ని డిఫాల్ట్ గేట్‌వే అంటారు. దాని గురించి ఇంత స్పష్టంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. మరి ఇన్ని ఉండగా సాఫ్ట్‌వేర్ ఎందుకంటారా? స్టేషన్‌ని రికార్డులో అంటించలేం కదా.

రికార్డు అంటే తెలియనివాళ్లకి ఒక ముక్క. ఎడమ పేజీలో బొమ్మ, కుడి పేజీలో ఉద్దేశం, పద్ధతి, అవుట్‌పుట్, కింద 'ఫలితం సరిచూడబడినది' అనే వాక్యం. ప్రయోగం చేయకముందే ఆ వాక్యం రాసి ఉంచుకునే పిల్లలు బాగుపడతారు. ల్యాబ్ ఉన్నది రికార్డు కోసం, రికార్డు ఉన్నది సంతకం కోసం. ఈ క్రమం ఎరిగినవాడు సాఫ్ట్‌వేర్ ఎంపికలో తప్పు చేయడు.

మొదట సిస్కో ప్యాకెట్ ట్రేసర్ పేరు వచ్చింది. దాని మీద అభ్యంతరం ఏమిటంటే, అది ఉచితం. మా కాలేజీలో ఏది తీసుకోవాలన్నా మూడు కొటేషన్లు ఉండాలి. సున్నా రూపాయలకి ఎల్-1 (అందరికన్నా తక్కువ ధర) ఎవరు, ఎల్-2 (ఆ తర్వాతది) ఎవరు అని అకౌంట్స్ ఆయన అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు. బెంగళూరులో తయారయ్యే నెట్‌సిమ్‌కి డబ్బు కట్టాలి కాబట్టి దాని ఫైలు మాత్రం గౌరవంగా కదిలింది. బడ్జెట్ దగ్గరికి వచ్చి ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది, క్షేమం.

జీఎన్‌ఎస్3ని ఓ యువ లెక్చరర్ గారు తెచ్చారు. ఇది రూటర్ వేషం వేయదు, రూటర్లో నడిచే అసలు సాఫ్ట్‌వేర్‌నే తెచ్చి కంప్యూటర్లో నడుపుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఫైలు (దాన్ని ఇమేజ్ అంటారు) మాత్రం మనమే లైసెన్సుతో సంపాదించుకోవాలి. అంటే పెళ్లికి పందిరి వాళ్లది, పెళ్లికొడుకుని మనం తెచ్చుకోవాలి. మా ల్యాబ్ మెషీన్లలో ఉన్నది 4 జీబీ ర్యామ్. రెండు రూటర్లు ఆన్ చేసేసరికి ఫ్యాన్లు రైసు మిల్లులా మోగాయి. రూటర్ పనిలేకుండా ఉన్నా ప్రాసెసర్‌ని పూర్తిగా మింగేస్తుందట. అది ఎప్పుడు ఖాళీగా ఉందో కనిపెట్టడానికి 'ఐడిల్-పీసీ' అని ఒక విలువ లెక్కగట్టి పెట్టాలట. ఖాళీగా ఉండటం కూడా ఒకరు నేర్పాల్సిన యంత్రం మా స్టాఫ్‌రూమ్ ప్రమాణాలకు తూగలేదు.

హెచ్‌ఓడీ గారి మనసు ఎన్‌ఎస్ (నెట్‌వర్క్ సిమ్యులేటర్) మీద ఉంది. వారి దగ్గర ఎన్‌ఎస్-2 ప్రోగ్రాములు పదేళ్లుగా పెన్‌డ్రైవ్‌లో భద్రంగా ఉన్నాయి. అవి ఎన్‌ఎస్-3లో నడవవు, దానికి సి++ రాయాలి. పరిశోధనకి గొప్ప సాధనాలే, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. కానీ ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఇచ్చే నంబరు, అంటే ఏమిటో ఇంకా తెలియని పిల్లలకి ఇవి ఇస్తే, నెలాఖరుకి వాళ్లకి సెమికోలన్ గురించి క్షుణ్ణంగా తెలుస్తుంది. ఎన్‌ఎస్-2 ట్రేస్ ఫైలు ఒకటి తెరిచి చూపించారు. కూడిక గుర్తు ఉంటే ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో పోయే సమాచారపు మూట) వరసలో చేరింది, తీసివేత గుర్తు ఉంటే బయల్దేరింది, 'ఆర్' అంటే అందింది, 'డి' అంటే పోయింది. అలాంటివి వేల లైన్లు. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం ఇంతకన్నా చదివించేలా ఉంటుంది.

మినీనెట్ విషయం రెండు నిమిషాల్లో తేలిపోయింది. లైనక్స్‌లో ఒక్క ఆదేశం కొడితే రెండు హోస్టులు (కంప్యూటర్లు), వాటిని కలిపే ఒక స్విచ్చు లేచి నిలబడతాయి. అంత చురుకైన సాఫ్ట్‌వేర్ మరొకటి చూడలేదు. కానీ స్క్రీన్ మొత్తం నలుపు. అరవై మంది పిల్లలు అంత నలుపు ప్రింటు తీస్తే టోనర్ ఎవరిస్తారని ఆఫీసు ప్రశ్న. తిరస్కరించాం.

జర్మనీలో జీగెన్ విశ్వవిద్యాలయంవాళ్లు బడి పిల్లల కోసం చేసిన ఫీలియుస్ కూడా బల్ల మీదికి వచ్చింది. చిన్నది, తేలిక, పాత మెషీన్‌లో కూడా నడుస్తుంది, కంప్యూటర్ల మధ్య ఏ సందేశం ఎప్పుడు పోయిందో వరసగా చూపిస్తుంది. నిజం చెప్పాలంటే మా పిల్లలకి కావలసింది అదే. 'బడి పిల్లలది మనకేమిటి, మనది డిగ్రీ కాలేజీ' అని ఒకరన్నారు. కమిటీ పరువు కాపాడారు. నేనూ చెయ్యెత్తాను.

చివరికి ప్యాకెట్ ట్రేసరే నెగ్గింది. మినిట్స్‌లో కారణం 'విద్యా ప్రయోజనాలు' అని రాశాం. అసలు కారణం పచ్చ లైట్లు. తీగ కలిపితే పచ్చగా వెలుగుతాయి, కలర్ ప్రింటులో కళగా ఉంటాయి. స్విచ్చుకి తీగ పెట్టగానే మాత్రం ఓ అర నిమిషం నారింజ రంగులో ఉంటాయి. ఎక్కడైనా లూప్ (ప్యాకెట్లు గుండ్రంగా తిరిగే దారి) ఉందేమోనని అది చూసుకుంటుంది. ఆ అర నిమిషంలో ఎవరైనా 'ఎందుకు సార్' అని అడిగే ప్రమాదం ఉంది. అందుకే కాలాన్ని ముందుకు నెట్టే బటన్ మొదటి క్లాసులోనే చూపించాం. సిమ్యులేషన్ మోడ్ అని ఇంకొకటి ఉంది. అందులో ప్యాకెట్ ఉత్తరం కవరులా ఒక్కో అడుగూ నడుస్తుంది, దాన్ని నొక్కితే ఏ పొరలో ఏం జరిగిందో విప్పి చెబుతుంది. దాని జోలికి పోవద్దని గట్టిగా చెప్పాం. అక్కడికి పోయిన పిల్లలు తిరిగి రికార్డు దగ్గరికి రావడం లేదు.

అమల్లో ఒక్కటే చిక్కు వచ్చింది. వాడాలంటే ఖాతా తెరవాలి, మెయిల్‌కి వచ్చే కోడ్ కొట్టాలి. మెయిల్ ఫోన్‌లో ఉంటుంది. ల్యాబ్‌లోకి ఫోన్ నిషేధం. కాబట్టి పిల్లలు వరండాలో కోడ్ బట్టీపట్టి, ఫోన్ అటెండర్ చేతికిచ్చి, లోపలికి పరుగెత్తి కొట్టేవారు. దారిలో ఎవరైనా పలకరిస్తే ప్యాకెట్ లాస్.

ఇక అసలు సంగతి. రెండు పీసీలు, మధ్యలో రూటరు. గజపతినగరం నుంచి రోజూ రైల్లో వచ్చే అమ్మాయి ఒకరు ఈ చివర నుంచి ఆ చివరకి పింగ్ కొట్టింది, అంటే 'ఉన్నావా' అని అడిగే చిన్న ప్యాకెట్లు పంపింది. విండోస్ పద్ధతిలోనే నాలుగు పోతాయి. మొదటిదానికి గడువులోగా బదులు రాలేదు, టైమౌట్. మిగతా మూడూ వచ్చాయి. కింద 25 శాతం నష్టం అని పడింది.

'సార్, మొదటిది ఎక్కడికెల్లిపోనాది?'

గుడికీ కోటకీ మధ్య సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మొదటిసారి పోయి మాయమైపోయిన సిరిమానుని ఈ ఊళ్లో ఎవరూ చూడలేదు. అంచేత ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా నాకు తెలుసు. రూటర్‌కి అవతలి పీసీ ఐపీ తెలుసు గాని, అది ఏ నెట్‌వర్క్ కార్డుదో తెలియదు. గంటస్తంభం దగ్గర నిలబడి 'ఈ అడ్రస్ ఎవరిదర్రా' అని కేకేయాలి. ఆ కేకకే ఏఆర్‌పీ అని పేరు, 1982లో రాసిపెట్టిన పద్ధతి. కేక వేసి బదులు వచ్చేలోపు, చేతిలో ఉన్న మొదటి ప్యాకెట్‌ని రూటర్ పారేస్తుంది. బదులు వచ్చాక అడ్రస్ రాసిపెట్టుకుంటుంది కాబట్టి మిగతావి నేరుగా పోతాయి. అదే గంటస్తంభం దగ్గర 'పైడిరాజూ' అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు, దాన్ని ఐపీ కాన్‌ఫ్లిక్ట్ అంటారు. ఇదంతా చెబితే ఆ అమ్మాయికి అరగంటలో సగం నెట్‌వర్కింగ్ వచ్చేసేది.

కానీ అప్పటికి టైము 12:20. ఇంకా నలభై రికార్డులున్నాయి. మోడల్ రికార్డులో నష్టం సున్నా శాతం అని ఉంది.

'మళ్లీ కొట్టమ్మా' అన్నాను.

కొట్టింది. నాలుగూ వచ్చాయి. స్క్రీన్‌షాట్ తీసుకుంది. మొదటి అవుట్‌పుట్ కూడా కాగితం మీద రాసుకుని వెళ్లింది, ఎందుకో మరి.

ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎక్స్‌టర్నల్ గారు వచ్చారు. ఆ అమ్మాయికి అదే ప్రయోగం పడింది. ఫైలు కొత్తగా తెరిచింది కాబట్టి రూటర్ పాత అడ్రసులన్నీ మరిచిపోయింది. మొదటి పింగ్ పోయింది. అమ్మాయి ఆయన వైపు చూసి, 'సార్, ఒకటి పోనాది. అలాగ ఎందుకు పోద్దంటే...' అని మొదలెట్టింది.

ఆయన వాచీ చూసుకుని, 'మళ్లీ కొట్టమ్మా' అన్నారు.

నాలుగుకి నాలుగు వచ్చాయి. సంతకం పెట్టారు.