‘సీ ఏ టీ క్యాట్’ అప్పజెప్పినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు

జూన్‌లో బడులు తెరిచిన వారంలోనే మా యూకేజీ తల్లుల గ్రూపులోకి ఒక వాట్సాప్ సందేశం వచ్చింది. తర్వాత గాజువాక నుంచి మా చెల్లెలు అదే పంపింది, మధురవాడ నుంచి మా వదినా పంపింది. ‘మీ పిల్లాడు నెల రోజుల్లో ఇంగ్లీషు చదవాలా?’ అని మొదలవుతుంది. అందులో ఉన్నవి ఐదు సంగతులు. రోజుకి 20 మూడక్షరాల మాటలు స్పెల్లింగుతో బట్టీ పట్టించాలి. పక్కన బొమ్మ పెట్టాలి, బొమ్మని బట్టి మాట గుర్తుపడతారు. ఇంగ్లీషు చదవడం వచ్చేదాకా తెలుగు అక్షరాల జోలికి పోకూడదు. ఎల్‌కేజీ అయ్యేసరికి చదవకపోతే వెనకబడ్డట్టే. ప్రతి మాటా పదేసి సార్లు రాయించాలి.

కంచరపాలెం దగ్గర ఒక బడిలో 19 ఏళ్ళుగా చిన్న క్లాసులకే చెబుతున్నాను. ఈ ఐదూ తప్పే. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మొదటిది, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

పోయినేడు ఒక బాబు వేరే బడి నుంచి వచ్చి మా క్లాసులో చేరాడు. ‘సీ ఏ టీ క్యాట్, బీ ఏ టీ బ్యాట్, ఆర్ ఏ టీ ర్యాట్’ అని గుక్క తిప్పుకోకుండా 40 మాటలు అప్పజెప్పాడు. వాళ్ళమ్మ ముఖం వెలిగిపోయింది. నేను బోర్డు మీద క్యాట్ రాసి, చదివాక మొదటి అక్షరం సీ తుడిచి అక్కడ ఎస్ పెట్టాను. బాబు బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. ‘ఇది ఇంకా సెప్పలేదు కదా టీచర్’ అన్నాడు. వాడి తప్పేమీ లేదు. చెప్పినవన్నీ గుర్తుపెట్టుకున్నాడు. చెప్పని మాటని విప్పుకునే దారి మాత్రం వాడికి ఎవరూ చూపించలేదు.

సీ, ఏ, టీ. ఈ మూడు పేర్లూ గబగబా కలిపి అని చూడండి. ‘సీయేటీ’ వస్తుంది, క్యాట్ రాదు. ఇంగ్లీషులో అక్షరం పేరు వేరు, అది పలికే శబ్దం వేరు. అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. తెలుగులో ఈ గొడవ లేదు. ‘క’ పేరూ ‘క’నే, పలుకూ ‘క’నే. ప, ల, క అని వరసగా అంటే పలక అయిపోయింది. మనం అలా నేర్చుకున్నాం కాబట్టి, ఇంగ్లీషు కూడా పేర్లు వల్లిస్తే వచ్చేస్తుందని అనుకుంటున్నాం. పేర్లు కాదు, ముందు శబ్దాలు చెప్పాలి.

మన పిల్లలకి ఇంకో చిక్కు ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. బస్ మన నోట్లో బస్సు, పెన్ పెన్ను, కప్ కప్పు. టీ శబ్దం చెప్పమంటే పిల్లలు ‘ట’ అంటారు, లేదా ‘టు’ అంటారు. అలా కలిపితే ‘కయాట’ అవుతుంది. దీనికి మందు కూడా తెలుగులోనే ఉంది, అదే పొల్లు. ‘క్’, ‘ట్’ అని తుంచి పలకడం అమ్మానాన్నలకి వచ్చు, పిల్లలకి చూపిస్తే చాలు. క్యాట్ మధ్యలో ‘ఏ’ అక్షరం పలికే శబ్దం కూడా మనకి కొత్తదేం కాదు. ‘మేక’ అని మామూలుగా అనండి, ‘వచ్చాడు’ అనండి. రాతలో కనబడదు గానీ నోట్లో పలికేది అదే. నేను క్లాసులో మేకతోనే మొదలుపెడతాను.

ఆ సందేశంలో మొదటి మాటే క్యాట్. నేనైతే మొదటిరోజు దాని జోలికి పోను. క్, ట్, బ్ సాగవు, నోరు దాటగానే తెగిపోతాయి. మ్, న్, స్, ఫ్ ఊపిరి ఉన్నంతసేపూ సాగుతాయి. ‘మ్‌మ్‌మ్’ అంటూ ఎమ్ కింద వేలు పెట్టి, వేలు ఆపకుండా ఏ కిందకి, అక్కణ్ణుంచి ఎన్ కిందకి జరిపిస్తాను. వేలు ఆగకపోతే గొంతూ ఆగదు. రెండోసారికో మూడోసారికో పిల్లలే ‘మ్యాన్!’ అని అరుస్తారు. ఫ్యాన్, వ్యాన్ కూడా అలాగే వస్తాయి. ఆ తర్వాత ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరక్షరాల శబ్దాలు వస్తే సిట్, పిన్, ట్యాప్, టిన్, న్యాప్, ప్యాన్ లాంటివి డజనుకి పైగా పిల్లలే కూడబలుక్కుని చదువుతారు. వాటిని ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు.

ఇది నా సొంత పైత్యం కాదు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక, అక్షరాలకీ శబ్దాలకీ ఉన్న సంబంధాన్ని ఒక వరసలో నేర్పితే పిల్లలు బాగా చదువుతారని తేల్చింది. ఇంగ్లండులో 2012 నుంచి ఒకటో సంవత్సరం పిల్లలకి 40 మాటలిచ్చి చదివిస్తున్నారు, వాటిలో 20 అర్థంలేని కల్పిత మాటలు. బట్టీ పట్టిన పిల్లలు వాటిని చదవలేరు, శబ్దాలు తెలిసినవాళ్ళు చదివేస్తారు. ఇంట్లో మీరూ ఒకటి కల్పించి చూడండి. ‘ద’, ‘వాజ్’, ‘సెడ్’ లాంటి కొన్ని మాటలు రాసినట్టు పలకవు, వాటిని చూపుతో గుర్తుపెట్టుకోవాల్సిందే. సందేశంలో నిజమున్నది అంతమేరకే.

బొమ్మల సంగతికి ఎక్కువ చెప్పక్కర్లేదు. చార్టులో హెన్ అనే మాట చూపించి చదవమంటే ఒక పాప ‘కోడిపెట్ట’ అని చదివింది. అది బొమ్మని చదివింది. మాట చదివాకే బొమ్మ చూపించాలి, ముందు కాదు.

తెలుగు మానేయమన్న మాట దగ్గర నాకు నిజంగా బాధేస్తుంది. జాలరిపేట నుంచి వచ్చే ఒక పిల్లాడు రెండు నెలలు నోరు విప్పలేదు. ఇంగ్లీషు కార్డు చూస్తే తల దించేసేవాడు. ఒకరోజు పలక మీద ‘పడవ’ అని రాసి ముందు పెట్టాను. ప... డ... వ... అని వేలితో పొడిచి పొడిచి చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు. ఒక్కసారిగా తలెత్తి, ‘పడవ! మా నాన్నకుంది!’ అన్నాడు. విడివిడి గుర్తులు కలిస్తే తనకి తెలిసిన మాట అవుతుందని వాడికి ఆ నిమిషంలో తెలిసింది. చదవడమంటే అదే కదా. ఆ తెలివిడి ఒక భాషలో వస్తే రెండో భాషకి మళ్ళీ మొదట్నుంచి నేర్పక్కర్లేదు. దసరా సెలవుల తర్వాత వాడు ట్యాప్ చదివాడు, పిన్ చదివాడు.

మన ఉత్తరాంధ్ర వైపే గిడుగు రామమూర్తి గారు సవర పిల్లల కోసం సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలున్నచోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించమంటోంది. ఇంగ్లీషు వద్దని నేను అనడం లేదు, రోజూ చెప్పేది అదే. ఇంట్లో తెలుగు నోరు మూయించి ఇంగ్లీషు నేర్పాలనడమే తప్పు.

ఎల్‌కేజీకే చదవాలన్నది ఎక్కడి లెక్కో నాకు అర్థం కాలేదు. చిన్న క్లాసుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో, 5 నుంచి 6 ఏళ్ళ బాలవాటిక పిల్లలు అక్షరాలనీ వాటి శబ్దాలనీ గుర్తుపట్టాలి, రెండు మూడు అక్షరాల చిన్న మాటలు చదవాలి అని ఉంది. అంటే మన యూకేజీ వయసు. ఎల్‌కేజీ పిల్లలకి నాలుగేళ్ళు. ఫిన్లాండులో ఏడేళ్ళు వచ్చే సంవత్సరంలో బడిలో వేస్తారు. అలాగని చూస్తూ ఊరుకోమనీ అనను. ఒకటో తరగతి సగానికి వచ్చినా రెండు శబ్దాలు కలపలేకపోతుంటే, పిలిస్తే పలక్కపోతుంటే ముందు చెవులు, కళ్ళు పరీక్ష చేయించండి. బద్ధకం అని కొట్టకండి.

ఇక పదేసి సార్లు రాయించడం. మణికట్టులో ఉండే 8 ఎముకలూ పుట్టుకతో గట్టిపడి ఉండవు, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే గట్టిపడతాయి. నాలుగేళ్ళ చెయ్యి పెన్సిలు పట్టుకుని రెండు పేజీలు నింపితే నొప్పి పుడుతుంది, చదువంటేనే విసుగొస్తుంది. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో వేలితో దిద్దించాం కదా, అదే సాగించండి. పళ్ళెంలో బియ్యం చాలు, ఆదివారం ఆర్కే బీచ్‌కి వెళ్తే తడి ఇసుక ఇంకా మంచిది. ఎమ్ దిద్దుతూ ‘మ్‌మ్‌మ్’ అనిపించండి, ఏ దిద్దుతూ మేకలో శబ్దం అనిపించండి, ఎన్ దిద్దుతూ ‘న్‌న్‌న్’. రోజుకి పది నిమిషాలు. పిల్లలు లేచి పరిగెడితే ఆ పూటకి వదిలేయండి.