చందాలు పోగుచేస్తే బిడ్డను కొన్నట్టా?
విదేశం నుంచి బిడ్డను దత్తత తెచ్చుకోవడానికి చర్చిలో చందాలు అడగడమంటే బిడ్డను కొనుక్కోవడమే అని ఒక వ్యాసకర్త రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఉంటున్న మా చెల్లె, బావ మన దేశం నుంచే పాపను తీసుకున్నారు. డబ్బంతా ఇంటి పరిశీలన రిపోర్టుకు, ఏజెన్సీ ఫీజుకు, కాగితాల ధ్రువీకరణకు, వీసాకు, విమాన టికెట్లకు పోయింది. దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందం ప్రకారం, మన దేశంలో దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా అనుమతి లేనిదే అడుగు ముందుకు పడదు. హన్మకొండలో మా చర్చి సంఘం స్త్రీలు సకినాలు, మామిడి తొక్కు చేసి అమ్మి పంపినవి కొద్ది రూపాయలే, అయినా ఆ పాప కోసం ఎన్ని రాత్రులు ప్రార్థన చేశారో! మా పెదనాన్న కాలంలో మా క్రైస్తవులకు చట్టప్రకారం దత్తత తీసుకునే దారే లేదు. 1956 దత్తత చట్టం హిందువులకు, బౌద్ధులకు, జైనులకు, సిక్కులకే. క్రైస్తవులు అప్పట్లో 1890 గార్డియన్ల చట్టం కింద గార్డియన్లుగా మాత్రమే ఉండాల్సి వచ్చేది. కాజీపేటలో ఆయన పెంచిన కొడుక్కి వారసత్వ హక్కు లేక, ఇంటి కోసం విడిగా వీలునామా రాయాల్సి వచ్చింది. ఆ బాధ దగ్గరుండి చూసినవాణ్ణి. ఒక్క మాట మాత్రం వ్యాసకర్తతో కలుస్తాను: చందాల కోసం బిడ్డ ఫొటో, కన్నతల్లి కథ వాట్సాప్‌లో తిప్పకూడదు. మా చెల్లె ఆ పని చేయలేదు.