ఫ్రీమన్ పొలంలో మళ్లీ మొలిచిన గడ్డి

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, బియాట్రిస్ పట్టణానికి చేరువన కబ్ క్రీక్ వాగు ఒడ్డున డేనియల్ ఫ్రీమన్ సాగుచేసిన పొలాన్ని ఆ దేశ ప్రభుత్వం 1936లో జాతీయ స్మారకంగా ప్రకటించి, 2021 నుంచి జాతీయ చారిత్రక ఉద్యానంగా కాపాడుతోంది. 1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన హోమ్‌స్టెడ్ చట్టం అమల్లోకి వచ్చిన 1863 జనవరి 1నే దరఖాస్తు చేసుకున్న తొలి రైతుల్లో ఫ్రీమన్ ఒకరు. ఇల్లు కట్టుకుని, ఐదేళ్లు అక్కడే నివసించి, నేల సాగుచేసినవారికి నామమాత్రపు రుసుముతో 160 ఎకరాల వరకు పట్టా ఇస్తామన్నది ఆ చట్టం చేసిన వాగ్దానం. పెళ్లికాని స్త్రీలకు, వితంతువులకు, పౌరసత్వం కోరుకున్న వలసదారులకు సైతం అది వర్తించింది. చివరికి దాదాపు 16 లక్షల మందికి, సుమారు 27 కోట్ల ఎకరాలకు పట్టాలు అందాయి.

ఆ రైతులు పడిన కష్టం చిన్నది కాదు. సమీప ప్రాంతం నుంచి తెచ్చి ఇక్కడ నిలిపిన, 1867 నాటి పామర్ కుటుంబపు దుంగల ఇల్లు 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు మాత్రమే ఉంటుంది. అందులోనే పదిమంది పిల్లలు పెరిగారు. పంటలు పోయి, అప్పులపాలై, పట్టా చేతికందకముందే వెనుదిరిగిన కుటుంబాలు లెక్కకు మించి ఉన్నాయి.

అయితే ఈ స్మారకం విషయంలో మేము అన్నింటికన్నా మిన్నగా భావించేది 1939లో మొదలైన పని. దశాబ్దాల సేద్యంతో నిస్సారమై, కోతకు గురైన ఆ పొలంలో ప్రదర్శన కోసం జొన్నో గోధుమో పండించడానికి బదులు, నాగలి పెకలించిన నిలువెత్తు గడ్డినే అధికారులు తిరిగి విత్తించారు. నేడు అక్కడ సుమారు వంద ఎకరాల్లో ఆ పచ్చిక పెరుగుతోంది. దేశంలో ఒకప్పుడున్న అలాంటి మైదానాల్లో నాలుగు శాతమైనా మిగలలేదు కనుక ఆ నిర్ణయంలోని దూరదృష్టి ఈనాడు మరింత స్పష్టంగా కనిపిస్తోంది.

దున్నని నేలను బంజరు అనడం మన రెవెన్యూ రికార్డులకూ అలవాటే. ఆ మాట వెంటే ఆ నేల ఎవరిదీ కాదన్న భావన కూడా చేరిపోతుంది. ఫ్రీమన్‌కు దక్కిన నేల అలా ఎవరిదీ కానిది ఎన్నడూ కాదు. అక్కడి మూలవాసులైన ఒటో మిస్సూరియా తెగ 1854 ఒప్పందంతో ఆ ప్రాంతాన్ని వదులుకుని, బిగ్ బ్లూ నది వెంట మిగిలిన కొద్దిపాటి నేలనూ కోల్పోయి, 1881 నాటికి నేటి ఓక్లహోమాకు తరలిపోవలసి వచ్చింది. పామర్ ఇంటి ఇరుకును చూపినంత శ్రద్ధగా ఆ ప్రయాణాన్నీ సందర్శకులకు చెప్పాలని మేము కోరుతున్నాము. ఎందుకంటే ఆ గడ్డి బతకాలంటే పొదలు కమ్ముకోకుండా కొన్నేళ్లకోసారి దానికి నిప్పు పెట్టాలి. మైదానాల తెగలకు తరతరాలుగా తెలిసిన ఆ పద్ధతితోనే ఇవాళ ఉద్యాన సిబ్బంది ఫ్రీమన్ పొలాన్ని పచ్చగా ఉంచుతున్నారు.