మొదటి నలభై కిలోమీటర్లకు కప్పు వద్దు, తోడు కావాలి

2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో గుర్రాన్ని లయబద్ధంగా నడిపించి చూపే డ్రెస్సాజ్ పోటీలో మన జట్టు స్వర్ణం తెచ్చింది. అదే ఏడాది కేరళ అమ్మాయి నిదా అంజుమ్ ఫ్రాన్స్‌లో యువ రైడర్ల ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీలో, అంటే గుర్రం మీద చాలా దూరం వెళ్లే పోటీలో, 120 కిలోమీటర్లు పూర్తి చేసింది. ఇవి అందరూ చదివినవే. తిరుపతి, చిత్తూరుల్లో స్వారీ నేర్చుకుంటున్నవాళ్లకు కూడా ఇలాంటి వార్తలు చూస్తే మనమూ ఒక ఎండ్యూరెన్స్ పోటీ పెడదామనిపించడం సహజం. పెట్టాలి కూడా. అయితే అది గెలిచేవాళ్ల కోసం కాకుండా, జీను మీద ఇంకా సరిగా కుదురుకోని కొత్తవాళ్ల కోసం మొదలవ్వాలన్నది నా వాదన.

ఈ ఆటకు ప్రాణం దూరంలో కన్నా వెట్ గేటులో, అంటే దారి మధ్య పశువైద్య తనిఖీలో ఉంది. ఒక్కో విడత పూర్తవగానే గుర్రం పశువైద్యుడి ముందు నిలబడాలి. గడువులోపు దాని గుండె వేగం నిమిషానికి 64కు దిగాలి. ఊరికే నిలబడ్డ గుర్రానికి ముప్ఫై, నలభై మధ్య ఉంటుంది. చిగుళ్లు నొక్కి రక్తం ఎంత త్వరగా తిరిగొస్తోందో చూస్తారు. మెడ దగ్గర చర్మం లాగి ఒంట్లో నీరు తగ్గిందేమో చూస్తారు, పొట్టకు స్టెతస్కోప్ పెట్టి పేగుల చప్పుడు వింటారు, పగ్గం పట్టుకుని పరుగెత్తించి కుంటుతోందేమో గమనిస్తారు. ఇందులో తప్పితే అందరికన్నా ముందొచ్చినవాడి ఆట కూడా అక్కడితో సరి.

మొదటిసారి వచ్చినవాడికి ఇదంతా ఎలా తెలుస్తుంది? తెల్లవారుజామున గుర్రాలన్నీ ఒక్కసారి కదలగానే తన గుర్రం కూడా వాటి వెంట పడుతుంది. టెన్షన్‌లో పగ్గాలు బిగబడతాడు, నడుము బిగుసుకుపోతుంది. ఆ బరువంతా గుర్రం వీపే మోస్తుంది. మొదటి పది కిలోమీటర్లు హుషారుగా పోయాక ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర గుర్రం తల వేలాడేస్తుంది. అంతకంటే ప్రమాదం మరొకటుంది. గుర్రం చెమటలో మనిషి చెమట కన్నా లవణాలు చాలా ఎక్కువ. నీటితోపాటు లవణాలూ పోవడంతో ఒళ్లు ఎండిపోతున్నా దానికి సరిగా దాహం వేయదు. తొట్టి ముందు నిలబెట్టినా తాగకపోతే, ఇంకా దాహం వేయలేదులే అని కొత్తవాడు ముందుకు కదిలిస్తాడు. పక్కన తెలిసిన రౌతు ఉంటే అలా కానివ్వడు. దిగి నడవమంటాడు, మెడ మీద, తొడల మధ్య చన్నీళ్లు పోయిస్తాడు, దాణాలో ఉప్పులు కలిపిస్తాడు. రౌతు కొద్దీ గుర్రం అన్న మాట పెద్దలు ఊరికే అనలేదు. కొత్త రౌతును ఒంటరిగా వదిలేస్తే ఆ దెబ్బ తగిలేది నోరులేని జీవికి. అందుకే కొత్తవాళ్లకు తోడివ్వడాన్ని నేను మంచితనంగా చూడను, ఆట నియమంగా చూస్తాను. ప్రతి కొత్త రౌతు పక్కన అనుభవమున్న రౌతు ఒకరు మొదటి నుంచి చివరిదాకా అదే వేగంతో వెళ్లాలి, ఆ రోజుకు తన స్థానం మీద ఆశ వదులుకోవాలి. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య కూడా కొత్తవాళ్ల స్థాయిలో వేగాన్ని గంటకు 16 కిలోమీటర్లకు పరిమితం చేసింది. మన ఎండకు అది కూడా ఎక్కువే.

తిరుపతికి చాలా ఊళ్లకు లేని బలం ఒకటుంది. 1955 నుంచి ఇక్కడ పశువైద్య కళాశాల ఉంది, 2005లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. వెట్ గేటులో పల్స్ పట్టడానికి ఆ విద్యార్థుల కన్నా తగినవాళ్లు ఎవరు? కొత్త రౌతులు కూడా గుర్రమెక్కే ముందు కొన్నాళ్లు వాళ్ల పక్కన నిలబడి పల్స్ చూడాలి, నీళ్లు మోయాలి. ఇక పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే కుటుంబాల పిల్లలున్నారు. గిట్టలో రాయి ఇరుక్కుంటే, కడుపునొప్పితో గుర్రం పొర్లితే ముందుగా పసిగట్టేది వాళ్లే. కారులో వచ్చిన కుర్రాడిని సార్ అని, గుర్రం తోలుకొచ్చిన కుర్రాడిని ఏరా అని పిలిచే చోట ఈ ఆట పెరగదు. వాళ్లకు ప్రవేశ రుసుం ఉండకూడదు, హెల్మెట్ నిర్వాహకులే ఇవ్వాలి.

గుర్రం పోషణ మామూలువాళ్ల వల్ల అయ్యే పని కాదు, పతకం తెచ్చే నలుగురిని ఎంచి వాళ్ల మీదే డబ్బు పెట్టాలి అనేవాళ్లున్నారు. ఖర్చు మాట నిజమే. కానీ ఆ నలుగురు ఎక్కడి నుంచి వస్తారు? నలభై కిలోమీటర్లు వెళ్లినవాళ్లు వందమంది ఉంటేనే అందులోంచి నూట ఇరవై వెళ్లేవాళ్లు తేలుతారు.

అమెరికాలో 1955లో మొదలైన టెవిస్ కప్ చూడండి. 24 గంటల్లో వంద మైళ్ల కొండదారి. బయల్దేరినవాళ్లలో దాదాపు సగం మందే పూర్తి చేస్తారు. గడువులోపు గుర్రాన్ని క్షేమంగా చేర్చిన ప్రతి ఒక్కరికీ ఒకే రకం వెండి బకిల్ ఇస్తారు. మొదటి పదిమందిలో ఎవరి గుర్రం మంచి స్థితిలో ఉందో చూసి వేరే కప్పు ఇస్తారు. పూర్తి చేయడమే గెలుపు అన్నది అక్కడి రౌతుల సంఘం నినాదం.

నా అసలు బాధ ఇక్కడుంది. మన ఊళ్లలో ఏ కూడలిలో చూసినా ర్యాంకుల ఫ్లెక్సీలే. మొదటి పదిలో లేని పిల్లవాడిని చదువులోనూ పట్టించుకోం, ఆటలోనూ పట్టించుకోం. పదో తరగతికి వచ్చేసరికి గ్రౌండు మాన్పిస్తాం. ఇది తిరుపతిలో జరగడం మరీ బాధగా ఉంటుంది. ఎందుకంటే అలిపిరి మెట్లెక్కేవాళ్లను ఎవరు ముందు చేరారని ఎవరూ అడగరు. మోకాళ్ల పర్వతం దగ్గర ఆయాసపడేవాళ్లకు ముక్కూ మొహం తెలియనివాళ్లు నీళ్ల సీసా అందించి, గోవిందా అంటూ లేపి నడిపిస్తారు. ఆ అలవాటు మెట్ల దారి దాటి మన బళ్లలోకి, మైదానాల్లోకి ఎందుకు రాదు?

పోటీ డిసెంబరులో, చీకటి విడవకముందే మొదలుకావాలి. శేషాచలం అడవి 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, దాని జోలికి వెళ్లొద్దు. పలమనేరు వైపు చల్లగా ఉంటుంది గానీ కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరిగే చోట్లు వదిలేయాలి. చంద్రగిరి చుట్టుపక్కల మట్టిదారులు, చెరువు కట్టలు చాలు. ఇరవై కిలోమీటర్ల చొప్పున రెండు విడతలు, మధ్యలో వెట్ గేటు, నగదు బహుమతి లేదు. ముందుగా పేర్లు ఇవ్వాల్సింది పాత రౌతులు. కొత్తవాళ్ల పక్కన వెళ్లడానికి ఎంతమంది సిద్ధమో తేలాకే కొత్తవాళ్ల పేర్లు తీసుకోవాలి. పదిమందే ముందుకొస్తే ఆ ఏడాదికి పదిమంది కొత్తవాళ్లే బయల్దేరాలి.